వాన నీటికి ఏ ఎర?

పిల్లలూ,

ప్రతి ఏడాదీ పత్రికకి వ్యాసం అడిగినప్పుడు నేను తెలుగు భాష తీయదనం గురించో, గురజాడ వారి గురించో రాసి ఇచ్చేవాణ్ణి. ఈసారి చేపల గాలం గురించి రాస్తున్నాను. తెలుగు మాస్టారికి గాలంతో ఏం పని అని నవ్వకండి. నేను ఈ ఊరికి బదిలీ అయి వచ్చాక మీలో కనీసం పది మంది అడిగారు, "సర్, ఆ పొడుగు సంచిలో ఏముంది? క్రికెట్ బ్యాటా?" అని. బ్యాటు కాదు, అది చేపలు పట్టే కర్ర. దానితోపాటు ఒక నీలం ప్లాస్టిక్ పెట్టె కూడా ఉంది. ఆ పెట్టెని నేను ఏడాదిపాటు తెరవలేదు. ఎందుకు తెరవలేదో, మళ్ళీ ఎందుకు తెరిచానో చెప్పడానికే ఈ వ్యాసం. మధ్యలో, వానాకాలంలో ఏ నీటికి ఏ ఎర వేయాలో కూడా చెబుతాను. మీలో కొందరు దానికోసమే చదువుతారని నాకు తెలుసు.

మాది కోనసీమ. మా ఇంటి ముందు నుంచే గోదావరి కాలువ పోతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కట్టించిన ఆనకట్ట పుణ్యమా అని మా వైపు వచ్చిన కాలువల్లో అదొకటి. సాయంత్రం అయ్యేసరికి మా తాతయ్య ఆ గట్టు మీద చేరేవాడు. ఒక వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు, ఒక గాలం ముల్లు. అంతే ఆయన సరంజామా. ఎర కోసం అరటితోటలో తడి మట్టి తవ్వి ఎర్రలు తీసేవాడు. మీ సైన్సు పుస్తకంలో వానపాము అని ఉంటుందే, దాన్నే మా ఊళ్ళో ఎర్ర అంటారు. వాటిని కొబ్బరి చిప్పలో తడి మట్టి వేసి ఉంచేవాడు. ఆ చిప్ప పట్టుకుని పక్కన కూర్చోవడం నా ఉద్యోగం.

ఆషాఢం వచ్చేసరికి కాలువ రంగు మారిపోయేది. "ఎగువన వానలు పడ్డాయిరా, ఎర్రనీళ్ళొచ్చాయి" అనేవాడు తాతయ్య. ఆ ఎర్రనీటికి ఎదురీదుతూ సముద్రంలోని విలస గోదావరిలోకి వచ్చి పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మా వైపు సామెత. మాకు పులస ఎక్కడిది? తాతయ్య గాలానికి జెల్లలు, చేదుపరిగెలు పడేవి. అదృష్టం బాగుంటే ఒక కొర్రమీను.

గాలం నీళ్ళలో వేసే ముందు ఆయన ఒక పని చేసేవాడు. మెట్టు దిగి మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచి, వేళ్ళు కనిపిస్తున్నాయా లేదా అని చూసేవాడు. "ముందు నీళ్ళు చూడు. ఆ తరువాతే ఎర చూడు" అనేవాడు. ఎగువ అంటే ఎక్కడ తాతయ్యా అని అడిగితే, చేత్తో పడమటి దిక్కు చూపించి "అదుగో, అడవుల్లోంచి" అనేవాడు. ఆయన భద్రాచలం దాటి ఎప్పుడూ వెళ్ళలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక మీలాగే నేనూ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాను. మొదటి పోస్టింగు రాజస్థాన్‌లో. అక్కడ గాలం సంచి మంచం కిందే ఉండిపోయింది. రెండోది అస్సాం. అక్కడ బరాక్ నది ఒడ్డున ఎర్ర చీమల గుడ్లని ఎరగా పెట్టి చేపలు పట్టేవాళ్ళని చూశాను. అదే ఎర్ర చీమలతో ఇక్కడ బస్తర్‌లో చాప్డా చట్నీ చేస్తారని మీకు తెలుసు. ఒక ఊళ్ళో చేపకి పెట్టేది ఇంకో ఊళ్ళో మనిషి తింటాడు! బదిలీ ఉద్యోగం వల్ల ఇలాంటివి తెలుస్తాయి.

అస్సాంలోనే నేను మొదటిసారి ఉత్తుత్తి ఎరలు కొన్నాను. వాటిని లూర్లు అంటారు. రేకుతోనో, రబ్బరుతోనో, చెక్కతోనో చేసినవి. చేప వాటిని చూసి కప్ప అనో, చిన్న చేప అనో భ్రమపడి పట్టుకుంటుంది. ఒకటి కొంటే ఇంకొకటి కొనాలనిపిస్తుంది. అలా ఆ నీలం పెట్టె నిండింది. ఏది ఎప్పుడు వాడాలో ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆ వీడియోలు దాదాపు అన్నీ బాస్ అనే చేప గురించే. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప. మన చెరువుల్లో ఆ పని చేసేది కొర్రమీను. రెండూ కలుపు మొక్కల నీడలో పొంచి ఉండి, పక్కనుంచి పోయేదాన్ని ఒక్క దూకులో పట్టుకునేవే. అయితే ఒక పెద్ద తేడా ఉంది. కొర్రమీనుకి మొప్పలు ఒక్కటే చాలవు. అప్పుడప్పుడు నీటి పైకి వచ్చి గాలి మింగాలి. అందుకు దాని తలలో మొప్పల పైన ప్రత్యేకమైన అవయవం ఉంటుంది. ఆ శక్తి ఉండబట్టే అది బురదలోనూ కొంతకాలం బతుకుతుంది. తడి నేల మీద పాకుతూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకి పోగలదు కూడా. తెలంగాణ దాన్ని తమ రాష్ట్ర చేపగా ఎంచుకుంది. నన్నడిగితే బదిలీ ఉద్యోగులు కూడా తమ చేపగా ఎంచుకోవచ్చు.

ఇక వాన సంగతి. వానాకాలంలో ఎర ఎంచుకోవడానికి నేను నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను.

మొదటిది, నీరు ఎంత లోతు దాకా కనిపిస్తోంది? తాతయ్య చేత్తో చూసేవాడు. నేను ఒక తెల్లటి ప్లాస్టిక్ మూతకి బరువు కట్టి, తాడు మీద జానకొక ముడి వేసి, నీళ్ళలోకి దించుతాను. మూత కనుమరుగైన చోట ముడులు లెక్కపెడతాను. ఇది నేను కనిపెట్టింది కాదు. 1865లో ఇటలీలో ఆంజెలో సెకీ అనే శాస్త్రవేత్త ఇలాగే తెల్లటి పళ్ళెం సముద్రంలోకి దించి నీటి తేటదనం కొలిచాడు. ఈనాటికీ దాన్ని సెకీ పళ్ళెం అనే అంటారు. మీరు కూడా ఇంట్లో బకెట్‌లో మట్టి కలిపి చేసి చూడవచ్చు.

నీరు తేటగా ఉంటే చేప కంటితో వేటాడుతుంది. అప్పుడు వెండి రంగు, పాచి రంగు వంటి సహజమైన రంగులు, చిన్న ఎరలు చాలు. నీరు ఎర్రబడి ఒక్క జాన కూడా కనిపించకపోతే కన్ను పని చేయదు. అప్పుడు చేప ఇంకొక దారిన తెలుసుకుంటుంది. దాని ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. దాన్ని పార్శ్వరేఖ అంటారు. నీటిలో ఏ చిన్న అదురు పుట్టినా ఆ రేఖకి తెలుస్తుంది. కాబట్టి బురద నీటికి అదురు పుట్టించే ఎర కావాలి. తిరిగే రేకు ఉన్న స్పిన్నర్ అందుకే. అందులోనూ ఆకులాంటి సన్న రేకు కన్నా గుండ్రటి రేకు నీటిని ఎక్కువగా తోస్తుంది. దాన్ని మెల్లగా లాగాలి. కనబడని దాన్ని వెతుక్కుంటూ వచ్చే చేపకి కాస్త వ్యవధి ఇవ్వాలి కదా.

రెండోది, ఆకాశం ఎలా ఉంది? కొర్రమీను కింద నుంచి పైకి చూస్తుంది. మబ్బు పట్టిన ఆకాశం దానికి తెల్లటి కాగితంలాంటిది. తెల్ల కాగితం మీద ఏ సిరా బాగా కనిపిస్తుంది? నలుపే. అందుకే వాన మబ్బులో నీటి పైన తేలే ఎర నల్లగా ఉండాలి. నా పెట్టెలో అన్నిటికన్నా అరిగిపోయింది నల్ల రబ్బరు కప్ప. దాని ముళ్ళు వీపుకి ఆనుకుని ఉంటాయి కాబట్టి తామరాకుల మీద లాగినా చిక్కుకోదు. చేప దాన్ని మింగగానే కర్ర లాగకూడదు. మనసులో ఒకటి, రెండు అనుకుని అప్పుడు లాగాలి. ఆ రెండు అంకెల ఓపిక నాకు పట్టుబడడానికి రెండేళ్ళు పట్టింది.

మూడోది, వాన ఎలాంటిది? చినుకులు పడుతున్నప్పుడు నీటి పైభాగం చెదిరి గట్టు మీది మనిషి చేపకి సరిగా కనిపించడు. అప్పుడది ధైర్యంగా ఒడ్డుకి వస్తుంది. జోరువానలో మాత్రం నీటి మీద అంతా చప్పుడే. అందులో మన కప్ప చప్పుడు ఎవరికి వినిపిస్తుంది? ఉరుము వినిపించిందా, ఇక ఏ ఎరా వద్దు. ఈ కాలం కర్రలు చాలావరకు కార్బన్‌తో చేసినవి. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. పిడుగు పడే వేళ చెరువు గట్టున అలాంటి కర్ర ఎత్తి పట్టుకుని నిలబడడం కన్నా తెలివితక్కువ పని లేదు.

నాలుగోది, కొత్త నీరు ఎక్కడి నుంచి దిగుతోంది? పొలాల మీది వాన నీరు చెరువులోకి జారే చోట ఎర్రలు, పురుగులు కొట్టుకువస్తాయి. చిన్న చేపలు అక్కడికి చేరతాయి. అక్కడ నా పెట్టెలోని ఏ లూరూ తాతయ్య కొబ్బరి చిప్పలోని ఎర్రకి సాటి రాదు.

ఇంతవరకూ పాఠం. ఇక నా సంగతి.

మూడో పోస్టింగు ఒడిశాలో, కోరాపుట్ కొండల మీద. క్వార్టర్స్ వెనకాల ఒక చిన్న చెరువు ఉండేది. ఒక ఆదివారం సన్నగా తుంపర పడుతోంది. చెరువు మూలన, నీటి పైన, అన్నం పళ్ళెమంత మేర ఎర్రగా కదులుతోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అగ్గిపుల్ల కన్నా చిన్నవి, వందల కొద్దీ చేపపిల్లలు. అన్నీ ఒకేసారి పైకి వచ్చి, ఒకేసారి మునుగుతున్నాయి. కొర్రమీను వానాకాలంలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు మొదట నారింజ ఎరుపులో ఉండి గుంపుగా తిరుగుతాయి. వాటి కింద తల్లో తండ్రో, చాలాసార్లు ఇద్దరూ కాపలా ఉంటారు. ఇదంతా నాకు అప్పటికే తెలుసు. తెలిసే ఆ గుంపు మధ్యకి నల్ల కప్పని విసిరాను.

ఒక్క విసురు. చెరువు పగిలినట్టు చప్పుడైంది. రెండు అని లెక్కపెట్టాల్సిన అవసరం కూడా రాలేదు. రెండు కిలోల కొర్రమీను. అది ఆకలితో పట్టుకోలేదు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని మీద పడింది. ఆ సాయంత్రం ఫోటో దిగాను. పక్క క్వార్టర్స్ పిల్లలంతా మూగి చూశారు. రాత్రికి పులుసు పెట్టుకుని తిన్నాను. బాగుంది.

మర్నాడు బడి అయ్యాక ఆరో తరగతి బాబు ఒకడు వచ్చి, ఆ ఎర్ర పిల్లల్ని చూపించమన్నాడు. వెళ్ళాం. గుంపు రెండు మూడు ముక్కలై ఉంది. ఒక లకుముకి పిట్ట కొమ్మ మీద నుంచి దూకి, మళ్ళీ కొమ్మ ఎక్కి, మళ్ళీ దూకుతోంది. కింద నుంచి వేరే చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. మూడో రోజు వెళ్ళేసరికి అక్కడ నీరు మామూలు నీరులాగే ఉంది. ఆ బాబు చాలాసేపు చూశాడు. తరువాత నన్ను అడిగాడు.

"సర్, వాటి నాన్నకి కూడా బదిలీ అయిందా?"

వాళ్ళ నాన్న ఒక కేంద్ర బలగంలో పని చేస్తారు. ఆ నెలలోనే ఆయన్ని బస్తర్‌లోని ఒక క్యాంపుకి వేశారు. అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి వీల్లేదు. వాళ్ళమ్మా, వాడూ, చెల్లెలూ క్వార్టర్స్‌లోనే ఉండిపోయారు. నాకు ఆ సంగతి తెలుసు. వాడికి నేను జవాబు చెప్పలేదు. చీకటి పడుతోంది, ఇంటికి పోదాం పద అన్నాను. ఆ రాత్రే నీలం పెట్టె మూతకి టేపు చుట్టి అటక మీద పెట్టేశాను.

ఏడాది తిరిగేసరికి నాకూ ఆర్డరు వచ్చింది. జగదల్‌పూర్. కోరాపుట్ నుంచి పెద్ద దూరం కాదు. విశాఖపట్నం వైపు కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఇనుప ఖనిజం మోసే రైలు మార్గం ఈ రెండు ఊళ్ళ మీదుగానే పోతుంది. వచ్చిన కొత్తలో, వానలు మొదలయ్యాక, చిత్రకోట్ జలపాతం చూడడానికి వెళ్ళాను. ఇంద్రావతి అంత ఎత్తు నుంచి ఎర్రగా దూకుతోంది. చాలాసేపు చూస్తూ నిలబడ్డాక నాకు తట్టింది, ఈ రంగు నేను ఎరుగుదును. ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, జగదల్‌పూర్ పక్కగా పారి, బీజాపూర్ జిల్లాలో భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. కోరాపుట్‌లో పుట్టిన కొలాబ్ నది కిందికి వచ్చి శబరి అయి, కూనవరం దగ్గర అదీ గోదావరిలోనే కలుస్తుంది. అంటే నేను పని చేసిన ఈ రెండు ఊళ్ళ వాన నీరూ మా ఇంటి ముందు కాలువకే పోతుంది. తాతయ్య చేత్తో చూపించిన ఎగువ ఇదే. "ఎర్రనీళ్ళొచ్చాయి" అని ఆయన అన్న రోజు, ఆ ఎరుపులో బస్తర్ మన్ను కూడా ఉంది. ఆయన ఉండి ఉంటే ఫోను చేసి చెప్పేవాణ్ణి.

ఇంటికి వచ్చి అటక మీది పెట్టె దించి టేపు విప్పాను.

అప్పటికి జగదల్‌పూర్‌లో గోంచా పండగ రోజులు. పిల్లలంతా వెదురు తుప్కీలు పేలుస్తూ తిరుగుతున్నారు. సంతలో సాల్ అడవుల బోడా పుట్టగొడుగులు వచ్చాయి, ధర వినే వచ్చేశాను. మీ ఏడో తరగతిలోని ఒక బాబు, రైల్వేలో పని చేసే వాళ్ళ నాన్నగారు, నేను, ముగ్గురం కలిసి ఊరి బయట ఒక చెరువుకి వెళ్ళాం. ముందుగా ఒక మాట. ఛత్తీస్‌గఢ్‌లో జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు నదుల్లో, వాగుల్లో, వాటితో కలిసిన జలాశయాల్లో చేపలు పట్టకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. నదితో సంబంధం లేని చిన్న చెరువులకి ఆ నిషేధం లేదు. మేము వెళ్ళింది అలాంటి చెరువు. ఊరివాళ్ళు కొందరు కలిసి దాన్ని కౌలుకి తీసుకుని బొచ్చె, శీలావతి పిల్లలు వదిలి పెంచుతున్నారు. కాపలాగా ఉన్న పెద్దాయనని అడిగి, ఆయన సరే అన్నాకే కర్ర విప్పాను.

సన్నటి చినుకులు. మూత దించితే ఒక జాన దాటి కనిపించలేదు. ఆకాశం బూడిద రంగు. గట్టు వారన తామరాకులు. నాలుగు ప్రశ్నలకీ ఒకటే జవాబు వచ్చింది. నల్ల కప్ప. బాబు పెట్టెలోంచి దాన్ని తీసి నా చేతికిచ్చాడు. నేను ముడి వేసి లేచి నిలబడేసరికి వాడే అరిచాడు.

"సర్! అదిగో, ఎర్రగా! అక్కడ వెయ్యండి సర్!"

తామరాకుల అవతల అన్నం పళ్ళెమంత మేర నీరు ఎర్రగా కదులుతోంది.

చట్టం నన్ను ఆపలేదు. చెరువు పెద్దాయన కూడా ఆపలేదు. పైగా దగ్గరికి వచ్చి హిందీలో అన్నాడు, "పట్టుకెళ్ళండి గురుజీ. ఇది మేము వదిలిన చేపపిల్లల్ని తినేస్తుంది. మాకు నష్టం." ఆయన అన్నది అబద్ధం కాదు. చేపలు పెంచే చెరువులో కొర్రమీను దొంగ కిందే లెక్క. బాబు కళ్ళు మెరుస్తున్నాయి. వాడికి తన మాస్టారు పెద్ద చేప పట్టగా చూడాలని ఉంది. నిజం చెప్పాలంటే నాకూ ఉంది. ఏడాది తరువాత చేతిలోకి వచ్చిన కర్ర. ఒక్క విసురు చాలు.

నేను విసరలేదు. పెద్దాయనతో అన్నాను, "ఒక నెల ఆగుతాను దాదా. ఆ పిల్లలు పెద్దవయ్యాక వచ్చి పట్టుకుంటాను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, తల మీది వెదురు గిడుగు సర్దుకుని, "నెల తరువాత అది మీకు దొరకదు గురుజీ. ఇప్పుడే కదా అది ఒక్క చోట ఉండేది" అన్నాడు. అదీ నిజమే. పిల్లలున్నంతకాలమే అది అక్కడ కట్టుబడి ఉంటుంది. అందుకే అంత సులువుగా దొరుకుతుంది. సులువు అన్న మాట నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది. కోరాపుట్‌లో నేను గెలిచింది ఎర ఎంపిక వల్ల కాదు. ఆ చేప పిల్లల్ని వదిలిపోలేకపోవడం వల్ల.

బాబు ముఖం చిన్నబోయింది. ఎందుకు సర్ అన్నాడు. అప్పుడు వాడికి కోరాపుట్ సంగతి మొత్తం చెప్పాను. తిన్నానని కూడా చెప్పాను. వాళ్ళ నాన్నగారు పక్కనే నిలబడి విన్నారు, ఏమీ అనలేదు. కొంచెంసేపు తరువాత బాబే అడిగాడు, "అయితే ఇప్పుడు ఏ ఎర వేద్దాం సర్?"

చెరువు అవతలి వైపు నడిచాం. అక్కడ పొలంలోంచి వాన నీరు సన్నగా కాలువ కట్టి దిగుతోంది. గట్టు మట్టి తవ్వితే ఎర్రలు వచ్చాయి. పెద్దాయన ఒక వెదురు కర్ర ఇచ్చాడు. ఇక్కడ గాలాన్ని గరీ అంటారని చెప్పాడు. చీకటి పడేలోగా బాబుకి మూడు జెల్లలు, ఒక మట్టగిడస పడ్డాయి. నాకు ఒక చేదుపరిగె. అది నా బొటనవేలంత ఉంది. దాన్ని కూడా వదిలేశాను, ఇది మాత్రం జాలితో కాదు, సిగ్గుతో.

ఆ తరువాత ప్రతి ఆదివారం ఆ చెరువుకి వెళ్ళి చూసేవాళ్ళం. రెండో వారానికి ఆ ఎర్ర మచ్చ ముదురు రంగుకి మారింది. నాలుగో వారానికి పిల్లలు వేలెడంత అయ్యి, గుంపు విడిపోవడం మొదలైంది. ఒక ఆదివారం వెళ్ళేసరికి ఎక్కడా ఏమీ లేదు. ఈసారి కొమ్మ మీద లకుముకి పిట్ట కూడా లేదు. వాటి దారిన అవి పోయాయి. అన్న మాట ప్రకారం ఆ రోజు నల్ల కప్ప వేశాను. రెండు గంటలు వేశాను. పెద్దాయన చెప్పినట్టే అయింది. నీళ్ళు కదలలేదు. ఆయన గట్టు మీద కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు. పెద్దాయనకి కలిగిన నష్టానికి బదులుగా ఏమైనా ఇద్దామని అడిగితే, చెరువుకి గట్టు వేసేటప్పుడు ఒక రోజు వచ్చి మట్టి మొయ్యమన్నాడు. వెళ్ళి మోశాను. రెండు రోజులు నడుం పట్టేసింది.

పిల్లలూ, మనం ఊరు మారిన ప్రతిసారీ పాత ఊళ్ళో పని చేసిన ఎరలన్నీ సర్దుకుని తెస్తాం. ఒక భాష, ఒక జోకు, ఒక ఆట, స్నేహం చేసుకునే ఒక పద్ధతి. కొత్త నీటిలో అవి పని చేయకపోతే నీటిని తిట్టుకుంటాం. ముందు మోచేతి దాకా చెయ్యి ముంచి చూడండి. ఇక్కడి వాళ్ళు దేన్ని ఏమంటారో అడగండి. ఇది తాతయ్య పాఠం. ఆ కోరాపుట్ బాబు నేర్పిన పాఠం ఇంకొకటి ఉంది. ఎర పని చేస్తుందా లేదా అన్నదే చివరి ప్రశ్న కాదు. ఎందుకు పని చేస్తోంది అని కూడా అడగాలి.

ఇంకొక్క మాట, ఇది పెద్దవాడిగా చెబుతున్నాను. పెద్దవాళ్ళు తోడు లేకుండా వానాకాలంలో చెరువుకి గాని ఇంద్రావతి వైపుకి గాని వెళ్ళకండి. నది ఎంత వేగంగా పెరుగుతుందో గట్టు మీద నిలబడితే తెలియదు.

గుంపు విడిపోయిన ఆ ఆదివారం రాత్రి నేను కోరాపుట్ బాబుకి పోస్టుకార్డు రాశాను. పోయిన ఏడాది నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేదు, తప్పు నాది, వాటి నాన్నకి బదిలీ కాలేదు, నేనే పట్టుకున్నాను అని రాశాను. ఇక్కడి చెరువులో ఏం జరిగిందో కూడా రాశాను. తెలుగులోనే రాశాను, నేను నేర్పిన అక్షరాలే కదా. పదిహేను రోజులకి జవాబు వచ్చింది. నాలుగు లైన్లు. ఒత్తులు రెండు చోట్ల తప్పాయి.

"సర్, నాకు అప్పుడే తెలుసు. మీరు చెప్తారేమో అని చూశాను. మా నాన్న దసరాకి వస్తున్నారు. ఆ పిల్లలు ఎంత పొడుగు అయ్యాయి?"

వేలెడంత అని జవాబు రాసి, పక్కన నా చూపుడు వేలు పెట్టి దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి పంపాను. వాడి కార్డు నీలం పెట్టెలో, నల్ల కప్ప పక్కన ఉంది. తప్పు ఒత్తులు దిద్దలేదు.

మీ తెలుగు మాస్టారు